ఒకే త్రీ ఫేజ్ మీటరు నుంచి మూడు అంతస్తులకు మూడు డీబీలు: ఎక్కడ విడదీయాలి?

ప్రశ్న: వరంగల్‌లో మా సొంత ఇల్లు. త్రీ ఫేజ్ మీటరు ఉంది, లోడు 5 కిలోవాట్లు. కింద అమ్మానాన్న, మొదటి అంతస్తులో మేము. ఇప్పుడు పైన ఇంకో అంతస్తు వేస్తున్నాం. అందులో రెండు బెడ్‌రూములు, ఒక ఆఫీసు గది. వంట అందరికీ కిందే. మీటరు పక్కనున్న 63 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే తానే పడిపోయే స్విచ్చు) నుంచే 4 స్క్వేర్ ఎంఎం వైర్లు పైకి లాగేస్తే చాలని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. ఒక మీటరు మీద మూడు మెయిన్ ప్యానెళ్లు పెట్టకూడదని మా బావగారు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

సమాధానం:

మీటరు ఒకటే అయినా డీబీలు, అంటే ఎంసీబీలు ఉండే ప్యానెళ్లు, ఎన్నైనా పెట్టుకోవచ్చు. ఆ విషయంలో బావగారికి సందేహం అక్కర్లేదు. కానీ మీ ఎలక్ట్రీషియన్ చెప్పిన పద్ధతిలో మాత్రం దయచేసి చేయించకండి. ఇళ్ల వైరింగ్ పనులు చేయిస్తూ నేను ఎక్కువగా చూసిన కాలిపోయిన వైర్లు సరిగ్గా ఇలాంటి చోటివే: మీటరు దగ్గర పెద్ద ఎంసీబీ, దాని కింద స్క్రూలో మూడు నాలుగు సన్న వైర్లు కలిపి బిగించి పైకి పంపడం.

ఎందుకు ప్రమాదమో లెక్కతో చెబుతాను. పైపులో వెళ్లే 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు మన ఎండల్లో 28 ఆంపియర్ల వరకే నిశ్చింతగా మోస్తుంది. దాని వెనకున్నది 63 ఆంపియర్ల ఎంసీబీ. ఎంసీబీ తన రేటింగ్ దాటగానే పడిపోదు. రేటింగ్‌కు 1.13 రెట్ల వరకు గంట సేపైనా నిలబడుతుంది, 1.45 రెట్ల దగ్గర గంటలోపు పడాలి. అంటే 63 ఆంపియర్లది 71 ఆంపియర్లు పోతున్నా గంటసేపు కదలకపోవచ్చు. పై అంతస్తులో రెండు ఏసీలు, గీజరు, ఇస్త్రీ పెట్టెతో పాటు ఇంకో పెద్ద లోడు ఏదైనా ఒకేసారి నడిచి 4 స్క్వేర్ వైరులో 40 ఆంపియర్లు పోతున్నాయనుకోండి, ఆ ఎంసీబీ దృష్టిలో అది మామూలు లోడే. గోడలో వైరు తొడుగు మాత్రం మెత్తబడుతూ ఉంటుంది. ఒక్క రోజులో ఏమీ కాదు. రెండు మూడు వేసవులకు పెళుసుబారి, పైపు వంపు దగ్గర ఒకదానికొకటి తగులుతాయి.

కాబట్టి పట్టుకోవాల్సిన సూత్రం ఒకటే. పెద్ద వైరు నుంచి చిన్న వైరు ఎక్కడ మొదలవుతుందో, సరిగ్గా అక్కడే ఆ చిన్న వైరుకు తగ్గ ఎంసీబీ ఉండాలి. పైకి వెళ్లాక డీబీలో 25 ఆంపియర్లది పెట్టాం కదా అంటారు. లోడు ఎక్కువైతే అది ఆపుతుంది, నిజమే. కానీ కింది నుంచి అక్కడి దాకా వచ్చే దారిలో మేకు దిగి షార్ట్ అయితే పై ఎంసీబీకి ఆ సంగతే తెలియదు.

వైరింగ్ మాట ఎత్తే ముందు ఒక్క మీటరే ఉంచుకోవాలా అన్నది తేల్చుకోండి. మన డిస్కంల (విద్యుత్ పంపిణీ సంస్థల) సాధారణ సరఫరా నిబంధనల్లో గృహ కేటగిరీకి వేరే వంటగది ఉన్న కుటుంబాన్ని వేరే యూనిట్‌గా లెక్కేస్తారు, ప్రతి యూనిట్‌కూ వేరే సర్వీసు ఉండాలి. మీ వంట అంతా కిందే అన్నారు కాబట్టి ఒక మీటరు సరైనదే. రేపు పై అంతస్తును వంటగదితో సహా అద్దెకు ఇస్తే లెక్క మారుతుంది. డబ్బు లెక్క కూడా మారుతుంది. తెలంగాణలో 2022 నుంచి అమలైన స్లాబుల్లో ఒకే మీటరు మీద 400 యూనిట్లు కాలిస్తే యూనిట్ల చార్జీ 2,690 రూపాయలు. అవే రెండు కుటుంబాల మీటర్లలో 200 చొప్పున కాలితే 820, 820 కలిపి 1,640. 200 దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు 5 రూపాయల 10 పైసలకు పోవడం, 200 పైన యూనిట్లకు ఇంకా పెద్ద రేటు పడటం ఈ తేడాకు కారణం. అలాగని ఒకే కుటుంబం బిల్లు తగ్గించుకోవడానికి రెండు మీటర్లు తీసుకుంటే, వాటిని ఒకటిగా లెక్కగట్టే అధికారం కూడా అదే నిబంధనల్లో డిస్కంకు ఉంది. ఇంకో మాట: కింద షట్టరు వేసి షాపు పెట్టే ఆలోచన ఉంటే దానికి ఇంటి మీటరు నుంచి ఒక్క బల్బు కూడా ఇవ్వకండి. విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్‌తో లెక్కగడతారు.

ఇక లోడు. 5 కిలోవాట్లు మీకు చాలవు. మీరు చెప్పలేదు గానీ, అంతస్తుకు ఒక గీజరు, మొత్తం నాలుగు ఏసీలు, బోరు మోటారు అనుకుని చూశాను. అన్నీ కూడితే 17 కిలోవాట్ల దాకా వస్తుంది. కానీ అన్నీ ఒకేసారి నడవవు. మే నెల రాత్రి నాలుగు ఏసీలు, ఫ్యాన్లు, ఫ్రిజ్ కలిసి ఏడున్నర కిలోవాట్లు. డిసెంబరు పొద్దున మూడు గీజర్లు, మోటారు, మిక్సీ, ఇస్త్రీ కలిస్తే తొమ్మిది పైన. కాబట్టి 10 కిలోవాట్లకు దరఖాస్తు చేసుకోండి. ఇప్పుడున్న మీటరులోనే డిస్‌ప్లే తిరుగుతున్నప్పుడు ఎండీ అని ఒక అంకె వస్తుంది. ఈ బిల్లింగ్ నెలలో మీ ఇల్లు ఒకేసారి లాగిన గరిష్ఠ లోడు అదే. అది చూస్తే రెండు అంతస్తులకే ఎంత వాడుతున్నారో తెలుస్తుంది. లోడు పెంచితే పోలు నుంచి వచ్చే సర్వీసు వైరు, మీటరు సరిపోతాయో లేదో డిస్కం వాళ్లే చూడాలి. మీటరు దాకా వాళ్ల పరిధి. సీలు విప్పడం, మీటరు టెర్మినల్లో రెండో వైరు దూర్చడం మీ ఎలక్ట్రీషియన్ చేయకూడని పనులు.

మీటరు దాటాక మీ పరిధి. మీటరు నుంచి ఒకే ఒక సెట్టు వైర్లు రావాలి: మూడు ఫేజులు, ఒక న్యూట్రల్, అన్నీ 10 స్క్వేర్ ఎంఎం రాగివి. అవి నేరుగా 4 పోల్ 40 ఆంపియర్ల ఎంసీబీలోకి వెళ్లాలి. ఉన్న 63ని తీసేయండి, 10 స్క్వేర్ వైరుకు 63 ఎక్కువ. 10 కిలోవాట్లు మూడు ఫేజుల మీద సమానంగా పడితే ఫేజుకు 15 ఆంపియర్లే కాబట్టి 40 మీకు ధారాళంగా సరిపోతుంది. దాని తర్వాత బస్‌బార్, అంటే వైర్లు బిగించే లోహపు పట్టీలు. ఫేజులకు మూడు, న్యూట్రల్‌కు ఒకటి, పక్కన ఎర్త్ బార్ వేరుగా. ఈ బస్‌బార్ దగ్గరే ఇల్లు నాలుగుగా విడిపోవాలి. మూడు అంతస్తులకు మూడు, నాలుగోది ఉమ్మడి వాడకానికి. ప్రతి దానికీ అక్కడే సొంత 4 పోల్ 25 ఆంపియర్ల ఎంసీబీ, అక్కడి నుంచి 6 స్క్వేర్ ఎంఎం వైర్లు నాలుగు, ఎర్త్‌కు ఇంకో 6 స్క్వేర్ ఆకుపచ్చ వైరు. 25 ఆంపియర్లంటే తక్కువేమో అనిపిస్తుంది గానీ, మూడు ఫేజుల్లో కలిపి అది 17 కిలోవాట్లు, మీ ఇల్లంతా ఒకేసారి వాడేదానికన్నా ఎక్కువ.

కొందరు ఖర్చు తగ్గుతుందని అంతస్తుకు ఒక ఫేజ్ ఇస్తారు: కిందకు ఎర్రది, మధ్యకు పసుపు, పైకి నీలం. అలా చేయడం తప్పేమీ కాదు. అప్పుడు ఎంసీబీ డబుల్ పోల్ 32 ఆంపియర్లది, వైరు 6 స్క్వేరే. కానీ పై అంతస్తులో రెండు ఏసీలు, గీజరు కలిసి ఒక్క ఫేజ్ మీదే 23 ఆంపియర్లు పడతాయి, కింది అంతస్తు ఫేజ్ ఖాళీగా ఉంటుంది. ఒక ఫేజ్ పోతే ఒక అంతస్తంతా చీకటి. అప్పుడు ఫేజ్ సెలెక్టర్ తిప్పి అందరూ ఒకే ఫేజ్ మీదికి చేరతారు, న్యూట్రల్ మీద మొత్తం బరువు పడుతుంది. కొత్తగా కడుతున్నారు కాబట్టి ప్రతి అంతస్తుకూ మూడు ఫేజులూ ఇవ్వండి.

ఇప్పుడు న్యూట్రల్ గురించి. ఈ సమాధానంలో మిగతాది మరిచిపోయినా ఇది మాత్రం గుర్తుంచుకోండి. మెయిన్ న్యూట్రల్ ఒక చోట వదులై తెగిపోయిందనుకోండి. కింద ఎర్ర ఫేజ్ మీద 2,000 వాట్ల గీజరు నడుస్తోంది. మధ్యలో పసుపు ఫేజ్ మీద 100 వాట్ల బల్బు ఒకటే వెలుగుతోంది. మూడో ఫేజ్ మీద ఏమీ లేదు. న్యూట్రల్ లేకపోతే గీజరు, బల్బు రెండు ఫేజుల మధ్య సిరీస్‌లో పడతాయి, అంటే 400 వోల్టులను పంచుకుంటాయి. గీజరు రెసిస్టెన్స్ 26 ఓముల చిల్లర, బల్బుది 529 ఓములు. పంపకంలో బల్బు మీద సుమారు 380 వోల్టులు పడతాయి. బల్బు స్థానంలో మీ టీవీని, ఫ్రిజ్ బోర్డును, వైఫై రూటర్‌ను పెట్టి ఊహించుకోండి. అందులో ఏ ఎంసీబీ కూడా పడదు, ఎందుకంటే కరెంటు ఎక్కువ కాలేదు, వోల్టేజీ మాత్రమే ఎక్కువైంది. ఒక్క రాత్రిలో వీధిలో సగం ఇళ్లలో టీవీలు కాలిపోయాయని విన్నప్పుడు కారణం చాలాసార్లు ఇదే.

అందుకే న్యూట్రల్ ఫేజ్ సైజులోనే ఉండాలి, మధ్యలో అతుకు ఉండకూడదు, దాంట్లో ఫ్యూజు గానీ విడి స్విచ్చు గానీ పెట్టకూడదు. కట్ చేయాలంటే ఫేజులతో కలిసి ఒకేసారి కట్ అయ్యే 4 పోల్‌తోనే చేయాలి. మెయిన్ దగ్గర వోల్టేజీ పెరిగినా తగ్గినా లైను కట్ చేసే ప్రొటెక్టర్ ఒకటి పెట్టించండి. ఒక టీవీ ధర కన్నా తక్కువలో అయిపోతుంది. ఇంకా చూడాల్సింది అల్యూమినియం, రాగి కలిసే చోటు. పోలు నుంచి వచ్చే సర్వీసు వైరు సాధారణంగా అల్యూమినియంది. దాన్ని రాగి వైరుతో మెలేసి టేపు చుట్టిన అతుకులు విప్పి చూస్తే, టేపు కరిగి నల్లటి జిగురులా చేతికంటుకుంటుంది, లోపల అల్యూమినియం మీద తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది. ఆ పొడి కరెంటును సరిగా పోనివ్వదు, వేడి పెరుగుతుంది, అతుకు ఇంకా వదులవుతుంది. బైమెటల్ లగ్గు (ఒక వైపు అల్యూమినియం, ఇంకో వైపు రాగి ఉండే కొస) వేసి క్రింప్ చేసి బోల్టుతో బిగించాలి.

అంతస్తు డీబీలోకి వచ్చాక మొదట 4 పోల్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసే స్విచ్చు), 40 ఆంపియర్లు, 30 మిల్లీఆంపియర్లది. ఇది లోడును గానీ షార్ట్‌ను గానీ ఆపదు, ఆ పని ఎంసీబీలదే. ఇది కాపాడేది మనిషిని. మన ఎర్త్ గుంతల సంగతి తెలిసిందే కదా. వరంగల్, హైదరాబాద్ వైపు మూడడుగులు తవ్వితే రాయి తగులుతుంది. గుంత రెసిస్టెన్స్ 5 ఓములు ఉందనుకుందాం. గీజరు ఎలిమెంట్ పగిలి దాని బాడీకి కరెంటొస్తే పోయేది మహా అయితే 46 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ తక్షణం పడాలంటే కనీసం 80 కావాలి. అంటే అది వేడెక్కి పడేదాకా గీజరు బాడీ, నల్లా రెండూ కరెంటుతో ఉంటాయి. స్నానాల గదిలో ఆ కొన్ని సెకన్లు చాలా ఎక్కువ. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ సెకనులో చిన్న భాగంలోనే కట్ చేస్తుంది. మెయిన్ దగ్గర కూడా ఒకటి కావాలంటే అది 100 లేదా 300 మిల్లీఆంపియర్ల ఎస్ రకం, అంటే కాస్త ఆగి పడేది. పైనా కిందా రెండూ 30వే పెడితే, పై అంతస్తులో చిన్న లీకేజీకి ఇల్లంతా చీకటవుతుంది.

ఆర్‌సీసీబీలు పెట్టగానే మీ ఎలక్ట్రీషియన్ దగ్గర నుంచి ఒక ఫిర్యాదు రావచ్చు: "సార్, ఇవి ఊరికే పడిపోతున్నాయి, తీసేద్దాం." తీయనివ్వకండి. అది పడుతోందంటే ఎక్కడో నిజంగానే లీకేజీ ఉంది, లేదా న్యూట్రళ్లు కలిసిపోయాయి. ఆర్‌సీసీబీ చూసేది ఫేజుల్లో పోయినది, న్యూట్రల్‌లో తిరిగొచ్చినది సమానమా కాదా అని. పై అంతస్తు నుంచి ఫేజ్ తీసుకుని, దగ్గరగా ఉందని కింది అంతస్తు న్యూట్రల్ కలిపితే రెండు ఆర్‌సీసీబీలూ తప్పు లెక్క చూసి పడతాయి. ప్రతి అంతస్తుకు దాని న్యూట్రల్ బార్ దానికే ఉండాలి, పక్క అంతస్తుది తగలకూడదు.

ఇది దాదాపు ప్రతి ఇంట్లో ఎక్కడ జరుగుతుందంటే మెట్ల లైటు దగ్గర. కింద ఒక టూ వే స్విచ్చు, పైన ఒకటి. కింది స్విచ్చుకు కింది ఫేజ్, లైటుకు పై న్యూట్రల్. పాత ఇళ్లలో ఏళ్ల తరబడి బాగానే నడిచిన ఈ కనెక్షన్ ఆర్‌సీసీబీ రాగానే బయటపడుతుంది. అందుకే నాలుగో దారి ఉమ్మడిది ఉండాలన్నాను. మెట్ల లైట్లు, గేటు లైటు, బోరు మోటారు, సంపు, రేపు లిఫ్టు వస్తే లిఫ్టు, అన్నీ దాని మీదే, దానికి సొంత ఆర్‌సీసీబీ. మీటరు పక్కనే చిన్న డీబీ పెడితే చాలు.

ఇన్వర్టరు రెండో గండం. ఒకే ఇన్వర్టరు కింద పెట్టి దాని అవుట్‌పుట్‌ను మూడు అంతస్తుల ఫ్యాన్లకు, లైట్లకు పంపిస్తారు, న్యూట్రల్ మాత్రం ఏ అంతస్తులో దొరికితే అక్కడిది కలిపేస్తారు. ఫేజ్ ఇన్వర్టరు నుంచి వస్తుంటే తిరుగు దారి కూడా ఇన్వర్టరుకే వెళ్లాలి. కాబట్టి ఒక్కటే ఇన్వర్టరు అయితే దాని లైట్లకు, ఫ్యాన్లకు ప్రతి అంతస్తులో విడి న్యూట్రల్ లాగించండి. గోడలు పూత పూయకముందే చెప్పాలి, తర్వాత కుదరదు. లేదా అంతస్తుకో చిన్న ఇన్వర్టరు పెట్టుకోండి. నాకైతే రెండోదే నచ్చుతుంది, బ్యాటరీ పోయినా ఒక అంతస్తే ఇబ్బంది పడుతుంది.

ఎర్త్ విషయంలో జనం చేసే పొరపాటు దీనికి ఎదురు. న్యూట్రల్‌ను వేరుచేయాలి, ఎర్త్‌ను కలపాలి. అంతస్తుకో గుంత తీసి దేని వైరు దానికి ఇవ్వడం కాదు. రెండు గుంతలు తీసి, వాటిని ఒకదానితో ఒకటి కలిపి, మెయిన్ ఎర్త్ బార్‌కు తెచ్చి, అక్కడి నుంచే అన్ని డీబీలకూ పంపాలి. రెండు గుంతల మధ్య దూరం వాటి లోతుకన్నా తక్కువ ఉండకూడదు. ఏ అంతస్తు డీబీలోనూ ఎర్త్, న్యూట్రల్ కలపకండి. కలిపితే ఆర్‌సీసీబీ పడుతూనే ఉంటుంది, న్యూట్రల్ తెగిన రోజున ఇంట్లో ఉన్న ప్రతి ఇనుప పెట్టెకూ కరెంటు వస్తుంది.

ఇంత విడిగా ఎందుకు చేయాలి అని మీ ఎలక్ట్రీషియన్ అడిగితే ఇంకో కారణం చెప్పండి. రేపు పై అంతస్తుకు వంటగది పెట్టి అద్దెకిచ్చినా, తమ్ముడి కుటుంబం వచ్చి వేరే మీటరు కావాలన్నా, ఆ అంతస్తు వైర్లను బస్‌బార్ నుంచి విప్పి కొత్త మీటరుకు కలిపితే పని అయిపోతుంది. న్యూట్రళ్లు కలిసిపోయిన ఇంట్లో అదే పనికి గోడలు పగలగొట్టాలి. అప్పటిదాకా ఏ అంతస్తు ఎంత వాడుతోందో తెలియాలంటే ఎంసీబీ పక్కనే చిన్న సబ్ మీటరు బిగించుకోవచ్చు. అది మీ లెక్క కోసమే, దాన్ని పట్టుకుని అద్దెదారుకు కరెంటు అమ్మడం కుదరదు. సోలార్ పెట్టే ఉద్దేశం ఉంటే దాని కోసం బస్‌బార్ దగ్గర ఒక ఎంసీబీ చోటు ఇప్పుడే ఖాళీగా వదలండి. పై అంతస్తు దగ్గరగా ఉంది కదా అని ప్యానెళ్ల వైర్లను అక్కడి డీబీలో కలపనివ్వకండి. ఎలక్ట్రిక్ కారు చార్జరుకూ అంతే. 7 కిలోవాట్ల చార్జరు ఒక్కటే 32 ఆంపియర్లు తీసుకుంటుంది, అది వచ్చినప్పుడు లోడు, మెయిన్ ఎంసీబీ రెండూ మళ్లీ లెక్కేయాలి.

పని అయ్యాక మీరు దగ్గరుండి ఇవి చేయించండి. లైను ఇచ్చే ముందు మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ప్రతి అంతస్తు వైర్ల ఇన్సులేషన్ చూడాలి. 500 వోల్టుల మీద కనీసం 1 మెగా ఓము రావాలి, కొత్త వైరింగ్‌లో అంతకన్నా చాలా ఎక్కువే వస్తుంది. లైను ఇచ్చాక మెయిన్ ప్యానెల్‌లో పై అంతస్తు ఎంసీబీ ఒక్కటే దించి, పైన ప్రతి లైటు, ప్రతి ప్లగ్గు చచ్చిపోయిందా, కింద, మధ్యలో ఏదీ ఆగలేదా చూడండి. ఒక్క ప్లగ్గులో టెస్టర్ వెలిగినా ఎక్కడో కలిసింది. మిగతా అంతస్తులకూ ఇలాగే చేయండి. ఆర్‌సీసీబీల మీద టీ బటన్ నొక్కితే పడాలి. వారం రోజులు వాడాక ఒక సాయంత్రం అన్నీ నడుస్తుండగా క్లాంప్ మీటరుతో మూడు ఫేజుల కరెంటు చదివించండి. ఒకటి 25, ఇంకోటి 6 వస్తే డీబీలో గీజరో ఏసీనో ఇంకో ఫేజ్ మీదికి మార్పించండి. అదే రోజు కరెంటు ఆపించి మెయిన్ స్క్రూలన్నీ ఒకసారి మళ్లీ బిగించమనండి, కొత్త టెర్మినళ్లు మొదటి వారంలో కొంచెం వదులవుతాయి. పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుతోనే చేయించండి. లోడు పెంచే దరఖాస్తుకు కూడా ఆయన సంతకం అవసరపడవచ్చు.

లైసెన్సు ఉంటే మీ ఎలక్ట్రీషియన్‌ను మార్చాల్సిన పనిలేదు, ఈ పద్ధతి చూపించి ఇలా చేయమంటే చాలామంది చక్కగా చేస్తారు. మీటరులో ఎండీ ఎంత చూపిస్తోందో, మీటరు నుంచి పై డీబీకి వైరు దారి ఎన్ని అడుగులో, మోటారు ఎన్ని హెచ్‌పీదో రాయండి. దారి వంద అడుగులు దాటితే 6 స్క్వేర్ బదులు 10 వేయాల్సి రావచ్చు, ఆ లెక్క వేసి చెబుతాను.